కునుకు ఎవరి నేరం?

అంబులెన్స్ బోల్తా పడినప్పుడల్లా పత్రికల్లో ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: ‘డ్రైవర్ నిద్రమత్తే కారణం’. విచారణ అక్కడితో ముగుస్తుంది. ఆ మనిషి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడు, అతన్ని అంతసేపు మేలుకోబెట్టిందెవరు అని ఎవరూ అడగరు. నిద్ర అతని తప్పు, మెలకువ మాత్రం యాజమాన్యం హక్కు. ఈ న్యాయం ఆడవాళ్లకు కొత్తదేమీ కాదు.

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని ఈ దారినే వస్తున్న శోభా నాగిరెడ్డి కారు బోల్తా పడింది. మరునాడు ఆమె హైదరాబాదులో మరణించారు. అప్పుడు చర్చకు వచ్చింది రోడ్డు మీద పోసిన ధాన్యం, నిద్ర కాదు. కానీ ఈ రోడ్డు రాత్రిపూట ఎంత ప్రమాదమో అందరికీ తెలిసింది. ఆ రోడ్డు మీదే రాత్రిళ్లు 108 పరుగెడుతుంది.

2005 ఆగస్టు 15న మొదలైన 108 ఎన్ని ప్రాణాలు నిలిపిందో కాదనలేం. అయితే ఆ బండిలో పైలట్, టెక్నీషియన్లది 12 గంటల షిఫ్టు. 8 గంటల పని కోసం వాళ్ల సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. విమానం నడిపే పైలట్‌కు ఎంత విశ్రాంతి ఇవ్వాలో నిబంధనలున్నాయి. 108 డ్రైవర్‌కు ఆ పేరు ఇచ్చారు, ఆ విశ్రాంతి ఇవ్వలేదు.

17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన చట్టంలో డ్రైవర్‌కు హద్దు 0.03 శాతం. తాగి నడిపితే జైలు, నిద్ర లేకుండా నడిపితే ‘సేవాభావం’! అమెరికాలో అత్యవసర వైద్య సిబ్బంది మీద 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అలసినవాళ్లు గాయపడే అవకాశం దాదాపు రెట్టింపు.

ఆ బండిలో చాలాసార్లు మూడో మనిషి కూడా ఉంటుంది. డ్యూటీ చార్టులో ఆమె పేరుండదు. ఆమె ఆశా వర్కర్. తెల్లవారుజామున అయిదింటికి లేచిన మనిషికి రాత్రి పదింటికే 17 గంటలు నిండాయి. పదకొండింటికి నొప్పులని ఫోను వస్తుంది. గర్భిణిని పట్టుకుని బండి ఎక్కించేదీ, ఊగే బండిలో తను పడిపోకుండా ఆమెను ఆపేదీ ఈమే. కాన్పు నంద్యాల పెద్దాసుపత్రిలో అయితే తిరుగు ప్రయాణం ఆమె తిప్పలు ఆమెవి. ఇంటికి చేరేసరికి పొయ్యి ఎదురుచూస్తుంటుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనికి స్త్రీ రోజుకు 289 నిమిషాలు, పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ తేడా ఎవరి నిద్రలోంచి కోసినది?

ఆశా పథకం ఆమెను కార్మికురాలు అనలేదు, ‘స్వచ్ఛంద కార్యకర్త’ అంది. ఆ ఒక్క మాటతో పనిగంటలూ పోయాయి, పనిలో తగిలిన గాయం లెక్కా పోయింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ప్రకటించింది. మంచిదే. మరి రాత్రి మెలకువ సంగతేమిటి?

ఆపదకు వేళాపాళా ఉండదు కదా అంటారు. ఉండదు గనకే మనుషులు ఎక్కువమంది కావాలి, ఉన్న మనుషులకే ఎక్కువ గంటలు కాదు. 8 గంటల షిఫ్టు, ఆశా రాత్రి ప్రయాణానికి డ్యూటీ హోదా, మర్నాడు సెలవు, బండిలో బెల్టున్న సీటు, గాయానికి పరిహారం. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

మనం కూడా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ రాశాక తెలుగు కవిత్వం ప్రసవాన్ని పాత కళ్లతో చూడలేకపోయింది. వంటింటి గురించి రాశాం, దేహం గురించి రాశాం. ఆ లేబర్ రూమ్ తలుపు దాకా మరో స్త్రీని చేర్చి, బయట బల్ల మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్న ఆడమనిషి గురించి ఎంత రాశాం? ఆమె నిద్ర మన రాజకీయం కాకపోతే, ఏదో ఒక రాత్రి ఆమె గాయం కూడా వార్తలో ఒక వాక్యమై ముగిసిపోతుంది. ఆ వాక్యంలో తప్పు మళ్లీ ఆమె కునుకుదే అవుతుంది.