రసీదు మన చేతిలో, హక్కు ఎవరి చేతిలో?

రైతుకు పన్నేముంది అనే పెద్దమనుషులు ఏలూరులో చాలామందే ఉన్నారు. వ్యవసాయ ఆదాయంపై పన్ను లేని మాట నిజం. పన్ను వేసేంత ఆదాయం ఎందరికి మిగులుతోందన్నది వేరే సంగతి. కానీ ఎరువుల బస్తా మీద 5 శాతం, పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. కొట్టువాడు తాను కట్టింది అమ్మకంలో సర్దుకుంటాడు. ధాన్యం అమ్మే మనకు ఆ వెసులుబాటు లేదు. డీజిల్‌పై రాష్ట్రం 22.25 శాతం వ్యాట్, లీటరుకు మరో 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి తీసుకుంటోంది. చేలో దమ్ము చేసే ట్రాక్టరుకూ రోడ్డు సెస్సే!

ఇవన్నీ ధరలో కలిసిపోయి కనబడవు. కనబడేది నీటి తీరువా. 1996లో రేట్లు పెంచిన తర్వాత కాలువ కింద మాగాణికి ఎకరాకు సార్వాకు 200 రూపాయలు, దాళ్వాకు 150, చేపల చెరువుకు ఏడాదికి 500. ఈ సొమ్ము ఎక్కువని మేము అనడం లేదు. కాలువకు ఖర్చుంటుంది, వాడుకునేవాళ్లం కొంత ఇవ్వాలి. మా పేచీ వేరేచోట ఉంది.

బకాయి పడితే సర్కారు చేతిలో 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది. తెల్లవాడి కాలపు ఆ చట్టంతో ఈనాటికీ జప్తు చేయవచ్చు. మరి దాళ్వా చిరుపొట్ట మీద ఉన్నప్పుడు శివారు ఆయకట్టుకు వంతు నీరు రాకపోతే? మురుగు కాలువలో ఇంజను పెట్టి తోడుకుంటాం, ఆ డీజిల్ మీద మళ్లీ పన్ను కడతాం. నీరివ్వని శాఖకు రైతు జప్తు నోటీసు ఇచ్చే చట్టం మాత్రం ఏ సర్కారూ చేయలేదు.

ఇది మన తాతల నాటి తగాదా. 1930 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం రీసెటిల్‌మెంటు పేరుతో కృష్ణా, గోదావరి డెల్టాల శిస్తును 18.75 శాతం, అంటే రూపాయికి మూడణాలు, పెంచబోయింది. అప్పటికే ధాన్యం ధర కూలిపోతోంది. రంగా గారు మొదలైనవారు ఊరూరా రైతులను కూడగట్టి, ఏ లెక్కన పెంచుతున్నారో చెప్పమని నిలదీశారు. తర్వాత మన ప్రభుత్వాలే వచ్చాయి. మిత్రా కమిటీ డెల్టా మురుగునీటి పారుదలకు పథకం చెప్పింది, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు నేటికీ మునుగుతూనే ఉన్నాయి.

కొల్లేటి సంగతి మరీ చిక్కు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ అందులోకే వస్తాయి, సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సులో గట్లు లేస్తే ఎగువన మునిగేది మన వరిచేలే. అందుకే 2006లో చెరువుల గట్లు కొట్టడాన్ని మేము పూర్తిగా తప్పుపట్టలేం, అది కొందరు సభ్యులకు రుచించకపోయినా సరే. అయితే 1970ల్లో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది కూడా ప్రభుత్వమే కదా! 1999లో జీవో 120తో 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసినప్పుడు పేదల డి.ఫారం పట్టాలతో పాటు జిరాయితీ భూములు కూడా లోపల పడ్డాయి. శిస్తు కట్టిన రసీదులు ఆ కుటుంబాల ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. భూమి తమదే, చెరువు తవ్వడానికి లేదు, కొనేవాడు రాడు, పరిహారం చేతికి రాలేదు.

2008లో శాసనసభ 3వ కాంటూరుకు కుదించమని తీర్మానించింది. 2011లో అజీజ్ కమిటీ అది వద్దంది. కాంటూరు అంకె మీద మాకు పంతం లేదు. సరస్సు బతకడానికి 5 కావాలంటే 5 ఉండనివ్వండి. కానీ హక్కులు విచారించి, డబ్బిచ్చి భూమి తీసుకునే పద్ధతి 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది. డబ్బివ్వకుండా భూమిని కట్టిపడేయడాన్ని పరిరక్షణ అని పిలవడానికి మేము ఒప్పుకోం.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. నీటి తీరువా రసీదు మీద వంతు తేదీలు రాసివ్వాలి. వంతు తప్పితే ఆ పంట తీరువా దానంతటదే రద్దు కావాలి, రైతు అర్జీ పట్టుకుని తిరగనక్కర్లేకుండా. వసూలైన సొమ్ములో ఎంత నీటి సంఘానికి వచ్చింది, ఏ మురుగు కాలువ పూడిక తీశారు అన్న లెక్క సచివాలయం గోడ మీద అంటించాలి. 2024 డిసెంబరులో సంఘాలకు ఎన్నికలైతే జరిగాయి, చాలాచోట్ల ఏకగ్రీవంగా. ఏకగ్రీవమైన అధ్యక్షుడికైనా లెక్క చెప్పే బాధ్యత ఉంటుంది.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు వచ్చేటప్పుడు గత మూడేళ్ల తీరువా రసీదులు వెంట తెచ్చుకోండి. కొల్లేటి లంకల వాళ్లు జిరాయితీ పత్రాల నకళ్లు కూడా తేవాలి. ఎవరికి ఏ పంటకు నీరు అందలేదో సర్వే నంబరు వారీగా రాసుకుని, అందరి సంతకాలతో కలెక్టరు గారికి ఇద్దాం.