నరం నొప్పికి మంచం మందు కాదు

సంపాదకులకు,

నడుము నుంచి కాల్లోకి పాకే సయాటికా నొప్పికి నెలల తరబడి విశ్రాంతి, నడుము బెల్టు తప్ప దారి లేదన్నట్టు మీ ఆరోగ్య పేజీలో రాశారు. అది సరికాదు. ఎక్కువమందిలో డిస్క్ జారి నరం వేరును నొక్కడం వల్ల వచ్చే ఈ బాధ, ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అదేపనిగా మంచం పడితే మాత్రం కండరాలు బలహీనపడి నొప్పి మొండికేస్తుంది.

మా చొప్పదండి వైపు పొద్దంతా వంగి నాట్లేసే ఆడవాళ్లను, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లను కూలి వదులుకుని పడుకొమ్మంటే ఎట్లా? దానికి బదులు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాలి. వారు ముందుగా కాలు చాచి పైకెత్తించి చూస్తారు. ఏ భంగిమలో నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి మళ్లుతుందో కనిపెడతారు. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ పద్ధతికి మూలం ఇదే. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తితే ఒకరికి హాయి, మరొకరికి నొప్పి ఎక్కువ. అందుకే వీడియోలు చూసి సొంతంగా చేయొద్దు.

మూత్రం బిగిసినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. మీ వ్యాసంలో లేని ఈ హెచ్చరికను వచ్చే సంచికలోనైనా తప్పక వేయండి.

– ఒక పాఠకురాలు, చొప్పదండి, కరీంనగర్ జిల్లా