విసుగు ఎవరికి?

జియో బేబీ తీసిన మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) చూడమని చెప్పినప్పుడల్లా మగ మిత్రుల నుంచి నాకొచ్చే జవాబు ఒకటే: "చూపించిందే చూపించి సాగదీశారండీ!" మూడు గంటల 'అర్జున్ రెడ్డి' (2017)ని విసుగు లేకుండా చూసినవాళ్ళకి గంటా నలభై నిమిషాల వంటిల్లు భారమైపోయింది. తరగడం, వండడం, బల్లమీద వాళ్ళు వదిలేసిన ఎంగిలి ఎత్తడం, కారే సింకు కింద బకెట్టు పెట్టడం, మర్నాడు మళ్ళీ అదే. ఆ విసుగే కదా ఈ సినిమా కథ! వాళ్ళు కూచుని చూడలేనిదాన్ని మనం నిలబడి జీవితమంతా చేస్తున్నాం. అందుకే ఈ సినిమాని మనలో మనమే సిఫార్సు చేసుకోవడం ఇక చాలు. మనకి తెలియని వంటిల్లా అది? ఇంట్లో మగవాళ్ళని కూచోబెట్టి చివరిదాకా చూపిద్దాం. మధ్యలో కాఫీ అడిగితే మాత్రం లేవొద్దు.