మనోడని కాదు, ముందు మనోడి ఆట చూడండి

ఐపీఎల్ వేలం వస్తే చాలు, ఒకటే గోల: ‘సన్‌రైజర్స్‌లో మనోళ్లేరీ?’ 2021లో ఎమ్మెల్యే దానం నాగేందర్ కూడా ఇదే అడిగారు. ఆ కోపం న్యాయమే. కానీ ఊళ్లో పేరుందని ఆటగాణ్ని కొంటే టికెట్లు తెగుతాయేమో గానీ వికెట్లు పడవు.

అలాగని దగ్గరివాళ్లను చూడకపోతే నష్టం ఎవరికి? 2017లో రూ.2.6 కోట్లకు కొన్న సిరాజ్‌ను మరుసటి ఏడాదే వదులుకున్నారు. 2022లో తిలక్ వర్మను రూ.1.7 కోట్లకు ముంబయి ఎగరేసుకుపోయింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మాత్రం రూ.20 లక్షలకే దొరికాడు. అప్పటికి స్టారేం కాదు. 2024లో ‘ఎమర్జింగ్ ప్లేయర్’ అయ్యాడు, ఆ తర్వాత రూ.6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. అంటే పేరు రాకముందే చూడాలి, పేరొచ్చాక కాదు.

వడ్లమూడిలో ప్లేస్‌మెంట్ల కోసం ఎదురుచూసే ఫైనలియర్ వాళ్లకూ ఇదే లెక్క. ‘లోకల్’ అంటే ఉద్యోగం ఇచ్చేయమని కాదు, టెస్టుకి పిలవమని. ఫ్రాంచైజీ అయినా, కంపెనీ అయినా మనం అడగాల్సింది కోటా కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె దాకా వచ్చి ట్రయల్స్ పెట్టమని. ఆడి చూపించడం మన పని.