చేతితో చేసిన చేతిగడియారము

కుప్పమునుండి సోదరి యొకతె మాకు వ్రాసిన జాబులో చిత్రమైన ప్రశ్న యొకటి యున్నది. ఆమె చెల్లెలి కూతురు హోసూరులోని గడియారముల కర్మాగారమున పనిచేయుచున్నదట. అచ్చట గడియారములు వేలకొలదిగా తయారగుచుండగా, ఇంగ్లీషువారి దేశమున నొక్క మనిషి తన పనిగదిలో కూర్చుండి యేడాది పొడుగున నొక్క గడియారమును చేయుననియు, దాని వెలతో మదనపల్లెలో మంచి మేడ కొనవచ్చుననియు నామె వినినదట. "ఇది నిజమేనా? నిజమైనచో కొనువారికి మతి యున్నదా?" అని యడిగినది. మొదటి ప్రశ్నకు జవాబు సులభము: నిజమే. రెండవదానికి కొంత తీరికగా చెప్పవలెను.

కీ ఇచ్చెడి గడియారము మన యిండ్లకు క్రొత్త కాదు. 1961లో బెంగుళూరున జపానుదేశపు సిటిజన్ సంస్థ తోడ్పాటుతో హెచ్.ఎమ్.టి.వారు గడియారములు చేయ మొదలిడిరి. అటుపిమ్మట చాలకాలము పుంగనూరు మొదలు కుప్పమువఱకు పెండ్లికొడుకునకు పెట్టు గడియారమనగా నదియే. ప్రతి యుదయమును కీ త్రిప్పినగాని యది నడువదు. త్రిప్పినపుడు లోపల నొక సన్నని ఉక్కు పట్టీ చుట్టుకొనును. అది విప్పుకొనుచు పండ్లచక్రములను త్రోయును. ఊరక వదలినచో చక్రములన్నియు గిరగిర తిరిగి నిమిషములో పని ముగియును. అందుచేత నిటునటు ఊగెడి యొక చిన్న చక్రమును, దానితో కలిసి యొక్కొక్క పంటినే వదలెడి యొక కొక్కెమును అమర్చెదరు. మనము వినెడి 'టిక్ టిక్' శబ్దము ఆ కొక్కెము చక్రము నాపి వదలుట వలన కలిగినదే.

ఈ భాగములను కర్మాగారమున యంత్రములు కోయును, మనుష్యులు కూర్చెదరు. 1926లో బీదయింట పుట్టిన జార్జి డేనియల్స్ అట్లుగాక యన్నియు తానే చేయవలెనని పట్టుపట్టెను. పాత గడియారములను బాగుచేయుచు విద్య నేర్చుకొని, చక్రములు, ఇరుసులు, ముండ్లు, డయలు, పై పెట్టెతో సహా తన చేతులతోనే చేసెను. పూర్వము లండనులో నీ పనులు ముప్పదికి పైగా వేర్వేరు వృత్తులుగా నుండెడివి. కొక్కెమునకును పంటికిని నడుమ నొరపిడి తగ్గించి, నూనె యవసరము తక్కువయగునట్లు ఆయన కనిపెట్టిన క్రొత్త యమరికను స్విట్జర్లండులోని ఒమేగా సంస్థ 1999లో గైకొన్నది. ఆయన 2011లో మృతినొందెను. జీవితమంతయు శ్రమించి చేసిన గడియారములు కొన్ని పదులే. వానిలో నొకటి 2019లో లండను వేలములో 36 లక్షల పౌన్లకు పోయినది.

ఆయన శిష్యుడగు రోజర్ స్మిత్ కథ మాకు మఱియు ప్రియమైనది. యౌవనములోనే యతడొక జేబుగడియారమును తానై చేసి, ఐల్ ఆఫ్ మాన్ ద్వీపములోనున్న గురువు కడకు తీసికొనిపోయెను. డేనియల్స్ దానిని చూచి, ఇది చేతితో చేసినట్లు కనబడుచున్నదని త్రోసిపుచ్చెను. చేతిపని యని కనబడుటయే తప్పట! చేసినవాని తడబాటులు వస్తువుపై నిలిచిపోకూడదనియే ఆయన భావము. కుఱ్ఱవాడు ఇంటికిపోయి రెండవదానిని మొదలుపెట్టెను. చేసినదానిని విప్పి, నచ్చనిదానిని పారవేసి, మరల చేసి, అయిదేండ్లకు పైగా దానిపైననే కాలము గడపెను. ఈసారి గురువు ఒప్పుకొనెను. ఆ రెండవ గడియారమే 2023లో న్యూయార్కు వేలములో 49 లక్షల డాలర్లకు, అనగా నాటి మారకమున సుమారు 40 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయినది. అయితే వేలములో పలికిన సొమ్ము అప్పటికి గడియారమును దాచుకొన్నవారికి చేరునేగాని, చేసినవానికి కాదు. చేసినవానికి ముట్టునది మొదట నమ్మిన వెల మాత్రమే. ఇప్పుడు స్మిత్ తన చిన్న పనిశాలలో కొద్దిమంది సహాయకులతో ఏటేట వ్రేళ్లపై లెక్కింపదగినన్ని గడియారములే చేయించుచున్నాడు. కొనువారు సంవత్సరములు వేచియుండవలెను.

స్త్రీలును ఈ పనిలో లేకపోలేదు. రెబెక్కా స్ట్రదర్స్ అను నామె తన భర్తతో కలిసి గడియారములు చేయుచున్నది. గడియారముల శాస్త్రమున డాక్టరు పట్టము పొందిన బ్రిటిషు గడియారపు పనివారిలో నామెయే మొదటిది. వారు తలపెట్టిన యొక గడియారమునకు '248' అని పేరిడిరి: రెండు తలలు, నాలుగు చేతులు, ఎనిమిది మిల్లీమీటర్ల పాతకాలపు లేత్ యంత్రము. ఈ పేరు మాకు మిక్కిలి నచ్చినది.

ఇంత వెలపెట్టి కొన్న గడియారము కాలము బాగుగా చూపునా యన్నచో, మన బజారులో కొన్నివందల రూపాయలకు దొరకు బ్యాటరీ గడియారమంత బాగుగా చూపదు. బ్యాటరీ గడియారములోని స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. అది నెలకు కొన్ని సెకనులే తప్పును. కీ ఇచ్చెడిది యెంత మంచిదైనను దినమునకే కొన్ని సెకనులు తప్పును. పైగా కొన్ని యేండ్లకొకసారి విప్పి, కడిగి, నూనె వేయించవలెను. అది చేయగల చేతులును అరుదు. కావున కాలము తెలిసికొనుటకై దీనిని కొనువారు లేరు. ఒక మనిషి బ్రదుకులో నొక యేడాది ముంజేతిపై నున్నదన్న సంతోషమునకే యా వెల. ధనవంతుల డాంబికము కొంత యుండునని మేమును ఒప్పుకొందుము. కాని, యది లేకున్న నా విద్య బ్రదుకదన్న మాటయు నిజము. 1800 ప్రాంతమున ప్రపంచపు గడియారములలో దాదాపు సగము బ్రిటనులోనే తయారయ్యెడివి. అమెరికావారును స్విస్సువారును యంత్రములతో చవుకగా చేయుటచే నా పరిశ్రమ కూలిపోయినది. నేడు అచ్చటి నశించుచున్న చేతిపనుల పట్టికలో గడియారముల తయారీయు నెక్కినది.

ఆ వెనుకటి గొప్పదినములలోని యొక సంగతి చెప్పకున్న నీ కథ సగమే యగును. నాటి గడియారములలో సైకిలు గొలుసువంటి యొక గొలుసుండెడిది. అది గుఱ్ఱపువెండ్రుక కంటె నంతగా లావు కానిది. ఒక్కొక్క లంకెను ఉక్కు రేకునుండి కొట్టి, మేకులు దిగగొట్టి కూర్చవలెను. ఇంగ్లండు దక్షిణతీరమున క్రైస్ట్‌చర్చి యను చిన్న యూరిలో 1790నుండి నూఱేండ్లకు పైగా నీ పని జరిగినది. చేసినవారు స్త్రీలు, బాలికలు. అనేకులు బీదల సత్రములనుండి వచ్చినవారు. కంటిచూపు చెడునంత సన్నని పని యది. గడియారము డయలుపై లండను పనివాని పేరు చక్కగా చెక్కబడియుండెడిది. గొలుసు చేసిన పిల్ల పేరు ఎచ్చటను లేదు. నేడు నలుబది కోట్లు పలికించునది పేరున్న చేయి. పేరులేని చేతికి నాడు దొరకినది కూటికూలి.

ఇది చదువునపుడు మా మనస్సు ఇంగ్లండున నిలువలేదు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు వచ్చినది. మీలో ననేకుల పెట్టెలలో ఆ మగ్గములపై నేసిన పట్టుచీర యొకటియైన నుండును. దాని పుట్టుక చూడుడు. పుంగనూరు, కుప్పము ప్రాంతముల మల్బరీ తోటలలో ఆకు కోసి, నెలకు దగ్గరగా పట్టుపురుగులను సాకవలెను. చివరి దినములలో వాని యాకలికి రేయింబవళ్ల భేదము లేదు. ఆ ఆకు వేసెడివారిలో ఆడవారే మెండు. గూళ్లను వేడినీట నుంచి దారము తీయువారి వ్రేళ్లు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత పడుగు తీయుట, రంగు వేయుట, కండెలు చుట్టుట, అచ్చు అతుకుట, పిమ్మటగదా మగ్గము. మగ్గముపై పనితనమునుబట్టి కొన్ని దినములు మొదలు కొన్ని వారములు పట్టును. కండెలు చుట్టునది యింటి యిల్లాలు. ఆమెకు వేరుగా కూలి లేదు. మగ్గపు కూలిలోనే కలిసిపోవును. చీర చెంగుపై నామె పేరుగాని, నేసినవాని పేరుగాని యుండదు.

స్మిత్ గడియారమునకై ధనికులు ఏండ్ల తరబడి వేచియుండి, బేరమాడక ఇచ్చుచున్నారు. మనము మాత్రము చేనేత చీర యెదుట కూర్చుండి, మరమగ్గపు చీర వెల జ్ఞప్తికి తెచ్చుకొని, "ఇంకొక అయిదువందలు తగ్గించుము" అందుము. మరమగ్గమును మేము నిందింపము. తక్కువ వెలకు చీర కావలసినవారికి నది మేలే, ఆ యూరిలోనే ఆ మగ్గములును నడచుచున్నవి. కాని రెంటిని ఒక్క త్రాసున తూచుట మాకు న్యాయముగా తోచదు. బ్యాటరీ గడియారమును చూపి డేనియల్స్‌తో బేరమాడినట్లుండును.

పేరు తెలిసినచో చేతికి వెల హెచ్చునని పై కథలవలన తేలుచున్నది గదా. చీరలపై నుండు సిల్క్ మార్కు గుర్తు పట్టు నిక్కమైనదని మాత్రమే తెలుపును, మగ్గము సంగతి చెప్పదు. అందులకు చేనేత గుర్తు వేరుగా నున్నది. రెండును చూచి తీసికొనుడు. ఇక నేసినవారెవరని దుకాణములో నడుగుడు. తెలియదందురు. మరల నడుగుడు. వీలున్నవారు నీరుగట్టువారిపల్లె వీథులలోనికే పోయి, మగ్గము కడనే కొనవచ్చును. అపుడు నేసినవాని పేరును, కండెలు చుట్టిన యామె పేరును, సంవత్సరమును ఒక చిన్న కాగితముపై వ్రాసి చీర మడతలో నుంచుడు. కాగితమునకు సిరా అంటని పెన్సిలు మేలు. చెమ్మ తగిలినను పట్టునకు మరక కాదు.