నిర్మానుష్యమని ఎవరన్నారు?

కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో అన్నిటికన్నా విలువైనది ఒకటుంది: "ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఉండదు." ఆ ఒక్క మాట కోసం ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళున్నారు. నేనూ వెళ్తాను. ఈ మధ్య ఒక సైక్లింగ్ బృందం వాళ్ళు విశాఖ మన్యంలో తొక్కదగ్గ దారుల జాబితా ఒకటి అచ్చువేసి పంచారు. ఎక్కడ ఎంత ఎత్తు ఎక్కాలి, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ మలుపులో జాగ్రత్తగా ఉండాలి, అన్నీ శ్రద్ధగా రాశారు. నాకిష్టమైన దారి గురించి "ప్రశాంతం, నిర్మానుష్యం, స్వర్గం" అన్నారు. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: "మహిళలు ఒంటరిగా వెళ్ళకపోవడం మంచిది."

రోడ్డు ఒకటే, నిశ్శబ్దం ఒకటే. మగవాడికి అది స్వర్గం, నాకు హెచ్చరిక.

వాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. వాళ్ళకి తెలిసింది వాళ్ళు రాశారు. నా పేచీ మనతో. ఆ కాగితం పట్టుకెళ్ళి ఒక రచయిత్రుల సమావేశంలో భోజనాల దగ్గర చూపించాను. నేనెంతో గౌరవించే ఒక పెద్దావిడ చదివి, "నిజమే కదమ్మా, నీకెందుకొచ్చిన సరదా? ఏదైనా జరిగితే మళ్ళీ మేమే ధర్నాకి కూర్చోవాలి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ముందు భయం లెక్క చూద్దాం. సైకిలు మీదున్న మనిషిని చంపేది నిశ్శబ్దం కాదు, వాహనం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. లారీలు రాని దారి వెతుక్కోవడం సరదా కాదు, ప్రాణం కాపాడుకోవడం. ఇక రెండో భయం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో నూటికి తొంభైకి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు ఆమెకి తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, పనిచేసేచోటివాడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. ఆ లెక్కన హెచ్చరిక బోర్డు పెట్టాల్సింది ఘాట్ రోడ్డు మొదట్లో కాదు, ఇంటి గుమ్మం మీద. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలు వాళ్ళ చేతికి చిక్కింది ఏ కొండమలుపులోనూ కాదు, లారీలు ఆగే టోల్ ప్లాజా పక్కన. అయినా ఆ తర్వాత మనకందిన జాగ్రత్తలన్నీ ఒంటరితనం చుట్టూనే తిరిగాయి.

నిజమే, ఖాళీ రోడ్ల మీద తిరిగే ఆడవాళ్ళే తక్కువ కనక అక్కడి నేరాలూ తక్కువ కనిపిస్తాయని మీరనొచ్చు. నాకు భయం లేదని కూడా నేననను. వెనకనుంచి వచ్చే మోటారుసైకిలు చప్పుడు నెమ్మదించిందంటే ఇప్పటికీ నా వీపు బిగుసుకుంటుంది. నేననేది, ఆ భయానికి కారణం దారి కాదని. దారిని తప్పుపట్టడం తేలిక, మగవాణ్ణి తప్పుపట్టడం కష్టం. అందుకే దారికి చెడ్డపేరు పెట్టాం.

నర్సీపట్నం నుంచి డౌనూరు దాటి లంబసింగి ఎక్కే ఘాట్ నాకు బాగా తెలుసు. అక్కడినుంచి చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు వెళ్ళొచ్చు. డిసెంబరు, జనవరిల్లో మంచు చూడటానికి వచ్చే కార్లతో లంబసింగి కిక్కిరిసిపోతుంది. నేను ఎన్నిసార్లు వెళ్ళినా అసలైన భయం తెలిసింది ఆ కిక్కిరిసిన ఉదయాల్లోనే. కారు తలుపులు బార్లా తెరిచి, పాటలు పెట్టి, చేతిలో సీసాలతో రోడ్డు మధ్య నిలబడ్డ గుంపుల మధ్యనుంచి సైకిలు నడిపించుకుంటూ పోవాలి. వానలు వెనకపట్టాక, ఇంకా ఎవరూ రాని రోజుల్లో అదే ఘాట్‌లో గంటకి ఏడెనిమిది కిలోమీటర్లకి మించని వేగంతో ఎక్కుతుంటే, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలూ, వాటి నీడన కాఫీ మొక్కలూ ఒక్కొక్కటే పక్కకొచ్చి నిలబడతాయి. ఊపిరి, తొడలు, గుండె, ఇవన్నీ నావేనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఈ దేహాన్ని ఇన్నేళ్ళూ వంటకీ, కాన్పులకీ, ఉద్యోగానికీ వాడాను. దేనికీ కాకుండా వాడటం అక్కడే నేర్చుకున్నాను.

ఒకసారి ఆ ఘాట్ పైన టైరు పంక్చరైంది. రోడ్డువారన కూర్చుని ట్యూబు మారుస్తుంటే నెత్తిన కట్టెలమోపుతో ఒకావిడ కిందకి వస్తూ ఆగింది. మోపు దించి, నా ఎదురుగా గట్టు మీద కూర్చుని, "ఒక్కర్తివే వచ్చినావేటి?" అంది.

మళ్ళీ అదే ప్రశ్న. నాకు చిరాకేసింది. "మీరూ ఒక్కరే కదా" అన్నాను.

ఆమె నవ్వింది. "నాను రోజూ ఒక్కర్తినే కదేటి! నీకు గాలి కొట్టడానికి సాయం ఉందా లేదా అని అడిగినాను."

తర్వాత ఎక్కడికి వెళ్తున్నానో అడిగింది. ఎక్కడికీ కాదు, ఊరికే అన్నాను. అది మాత్రం ఆమెకి అంతుపట్టలేదు. నేను గాలి కొడుతున్నంతసేపూ చక్రం పట్టుకుని కూర్చుని, మోపెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ జాబితా మళ్ళీ చదవండి. "నిర్మానుష్యం." ఆ దారిలో కట్టెలు మోసే ఆడవాళ్ళున్నారు. అడ్డాకులు కోసి తెచ్చేవాళ్ళు, కాఫీ పళ్ళు ఏరడానికి వెళ్ళేవాళ్ళు, సంతకి పసుపు మోసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. చాలామంది ఒంటరిగానే నడుస్తారు. వాళ్ళు మనుషుల లెక్కలోకి రాలేదు కనకే అది నిర్మానుష్యం అయింది. ఆ మాట రాసినవాడొక్కడే కాదు, నేనూ ఎన్నో ఏళ్ళు అలాగే అనుకున్నాను. నా ఏకాంతం గురించి గొప్పగా రాసుకున్న డైరీ పేజీల్లో ఆ ఆడవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆమె ఒంటరి నడక స్వేచ్ఛ అని నేను చెప్పబోవడం లేదు. అది బరువు. ఆ తారురోడ్డు నుంచి పక్కకి తిరిగితే, నొప్పులొచ్చిన ఆడవాళ్ళని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి. ఆ జి.మాడుగుల మండలంలోనే వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. పదహారేళ్ళు పోరాడారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 13 మంది నిందితులనీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. ఆ స్త్రీలు ఏ నిర్మానుష్య ప్రదేశానికీ వెళ్ళలేదు. వాళ్ళు తమ ఊళ్ళోనే ఉన్నారు. ఒంటరిగా తిరగొద్దనే సలహా వాళ్ళకి ఏం చెబుతుంది?

అందుకే, ఘాట్ రోడ్డు మీద ఇంకో పోలీసు జీపు తిప్పితే సమస్య తీరుతుందనే మాట నాకు మింగుడుపడదు.

ఇంతకీ ఆ కట్టెలమోపు ఆవిడని ఎవరూ ఆపరు. పని మీద వెళ్ళే ఆడదాని ఒంటరితనానికి అనుమతి అక్కర్లేదు. పని లేకుండా వెళ్ళేదానికే "ఎవరితో? ఎందుకు?" అన్న ప్రశ్నలు. 2017 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చిన పథకానికి ఏం పేరు పెట్టారో గుర్తుందా? "బడికొస్తా." సైకిలు ఇస్తూనే అది ఎక్కడికి వెళ్ళాలో కూడా పేరులోనే చెప్పేశారు. మంచి పథకమే, కాదనను. కానీ మగపిల్లాడి సైకిలుకి అలాంటి పేరు ఎవరైనా పెట్టారా? 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటైలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. దాని గురించి మనం చెప్పుకునేటప్పుడు నీళ్ళు తేవడం, పిల్లల్ని బడికి దించడం, సరుకు అమ్ముకోవడం ఇవే చెబుతాం. వాళ్ళు ఊరికే తొక్కిన సాయంత్రాలు లేవా? 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. పనీపాటా లేకుండా తిరుగుతున్నారట. తిరిగితే ఏమైంది?

తెలుగులో తిరిగే ఆడదానికి ఉన్న పేర్లు నేను ఇక్కడ రాయక్కర్లేదు. మీకందరికీ తెలుసు.

దీనికి ఇంకో వైపు పొగడ్త ఉంది. ఐర్లండ్ నుంచి 1963లో ఒంటరిగా సైకిలు మీద మన దేశం దాకా వచ్చిన డెర్వ్లా మర్ఫీ లాంటి వాళ్ళని తలుచుకుని ఆహా ఓహో అంటాం. నాకూ ఆమె అంటే ఇష్టమే. కానీ ఒంటరిగా వెళ్ళడాన్ని సాహసం చేసేస్తే, సాహసం చెయ్యలేని ఆడవాళ్ళందరూ ఇంట్లో ఉండటం సహజమైపోతుంది. నేను సాహసిని కాను. ఎత్తు ఎక్కలేక దిగి నడిచిన మలుపులు బోలెడు. ఎక్కుతున్నంతసేపూ నీళ్ళు తాగాలి, లేకపోతే కండరాలు పట్టేస్తాయి. తాగితే ఎక్కడికెళ్ళాలి? మగవాళ్ళు రోడ్డువారన నిలబడతారు. నేను పొదల చాటు వెతుక్కోవాలి, లేదా దాహం చంపుకోవాలి. ఎంత ఎత్తో, ఎన్ని మలుపులో రాసిన ఆ జాబితాలో ఈ సంగతి లేదు. కట్టెలావిడకీ నాకూ ఉన్న ఉమ్మడి సమస్య ఇదొక్కటే కావచ్చు. కానీ అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

అందుకని నేనడిగేది చెబుతాను. కొండదారుల్లో ఆడవాళ్ళు వాడుకోగల మరుగుదొడ్లు కావాలి. సాయంత్రం దాకా తిరిగే బస్సు కావాలి. తారురోడ్డు పర్యాటకుల కోసం లంబసింగిలో ఆగిపోకుండా గూడెం దాకా వెళ్ళాలి. ఇవి వస్తే ఆమె బరువు తగ్గుతుంది, నా భయమూ తగ్గుతుంది. ఏదో ఒక రోజు ఆమె కూడా మోపు లేకుండా, ఊరికే, ఆ గట్టు మీద కూర్చోవడానికి రావచ్చు.

ఇక మన సంగతి. ఇంటిలో, వీధిలో, రాత్రిలో హక్కు అడిగినవాళ్ళం. ఖాళీ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మన అమ్మమ్మల గొంతుతో మాట్లాడుతున్నాం. ఏదైనా జరిగితే ధర్నాకి కూర్చోండి, అది మన పని. కానీ ఏమీ జరగకుండా, ఒళ్ళంతా చెమటతో, హాయిగా తిరిగొచ్చిన ఆడదాన్ని "ఎవరితో వెళ్ళావు?" అని మాత్రం అడగకండి. దారి ఎలా ఉందో అడగండి. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.