టేపుల్లో ఉన్న జాన్సన్ - టేపుల్లో లేని సెల్మా

చట్టం ఎవరు తెచ్చారు? మన మీటింగుల్లో ఈ ప్రశ్న వస్తానే ఉంటది. ఫలానా ముఖ్యమంత్రి ఇచ్చాడు, ఫలానా ప్రధాని పెట్టింది అని గోడల మీద రాస్తారు. కొట్లాడినోళ్ళ పేర్లు గోడలెక్కవు. అమెరికాలో ఇదే ప్రశ్న మీద, చట్టం వచ్చిన 50 ఏళ్ళ తర్వాత, పెద్ద రగడ జరిగింది. దాని గురించి మన జనం తెలుసుకోవాలని ఇది రాస్తున్నాం. ఎందుకంటే అక్కడ గొడవకు సాక్ష్యంగా అధ్యక్షుడి గొంతే ఉంది, టేపులో.

2014 చివర్లో 'సెల్మా' అనే సినిమా వచ్చింది. అలబామా రాష్ట్రంలో సెల్మా ఒక చిన్న పట్నం. 1965లో అక్కడి నల్లజాతి జనం ఓటు కోసం చేసిన పోరాటమే ఆ సినిమా కథ. అందులో అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వెనకా ముందూ ఆడే మనిషిగా కనపడతాడు. జాన్సన్ దగ్గర పనిచేసిన జోసెఫ్ కాలిఫానోకి అది మింగుడు పడలేదు. వాషింగ్టన్ పోస్టు పత్రికలో రాశాడు - అసలు సెల్మా ఆలోచనే జాన్సన్‌దని. ఆధారం ఏంటంటే 1965 జనవరి 15న జాన్సన్, మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లో మాట్లాడుకున్న టేపు.

ఆ టేపు ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. రాతప్రతి మేమూ చదివాం. ఆ రోజు కింగ్ పుట్టినరోజు. ముందు కింగ్ లెక్క చెప్పాడు: దక్షిణాదిలో మీరు ఓడిన రాష్ట్రాలు చూడండి, అక్కడ నల్లవాళ్ళలో ఓటరుగా నమోదైనవాళ్ళు నూటికి 40 మంది కూడా లేరు అని. నల్లవాళ్ళ ఓటూ, మంచీచెడ్డా తెలిసిన తెల్లవాళ్ళ ఓటూ కలిస్తే దక్షిణాది మారిపోతుందని. ఓట్ల భాష రాజకీయ నాయకుడికి తొందరగా అర్థమవుద్దని కింగ్‌కి తెలుసు. జాన్సన్ జవాబు కూడా బాగానే ఉంది. అలబామాలో, మిసిసిపీలో, లూసియానాలో, ఎక్కడో ఓటు నిరాకరించిన అన్నిటికన్నా ఘోరమైన ఉదాహరణ ఒకటి పట్టుకోండి, రేడియోలో టీవీలో చర్చిల్లో అదే చెప్పండి, ట్రాక్టరు నడిపేవాడు కూడా ఇది అన్యాయం అనేదాకా చెప్పండి అంటాడు.

ఇంత విన్నాక కాలిఫానో మాట నిజమేననిపిస్తుంది. కానీ తేదీలు చూడాలి. కింగ్ సెల్మాలో బ్రౌన్ చాపెల్ చర్చిలో నిలబడి పోరాటం మొదలుపెడుతున్నామని ప్రకటించింది జనవరి 2న. ఫోను జనవరి 15న. 2 ముందా 15 ముందా అని తేల్చడానికి లెక్కల మాస్టారు అవసరం లేదు. ఆ కింగ్ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమీలియా బాయింటన్ లాంటి స్థానికులు ఓటర్ల సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి జనాన్ని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోతానే ఉన్నారు. 1963 నుంచి విద్యార్థి సంఘం పిల్లలు, బెర్నార్డ్ లఫాయెట్ లాంటివాళ్ళు, అక్కడే మకాం వేసి ఇల్లిల్లూ తిరిగారు. ఆ కౌంటీలో ఓటు వయసున్న నల్లవాళ్ళు సుమారు 15,000 మంది. జాబితాలో ఉన్నది నూటికి ఇద్దరు ముగ్గురు. వాళ్ళే కింగ్‌ని రమ్మని పిలిచారు. వాళ్ళకు వైట్‌హౌస్‌కి ఫోను లేదు. అందుకని వాళ్ళ మాట ఆ టేపులో లేదు.

జాన్సన్‌కి న్యాయంగా రావాల్సింది కూడా ఇచ్చేద్దాం. కాగితం ఏం చెప్తే అది ఒప్పుకోవాల్సిందే. 1964 డిసెంబర్లోనే ఆయన న్యాయశాఖలో కాట్జెన్‌బాక్‌కి ఓటు చట్టం సంగతి చూడమని చెప్పాడు. డిసెంబర్ 28 తేదీ వేసిన నోట్ కూడా ఉంది. అదే డిసెంబర్లో కింగ్ కలిసినప్పుడు మాత్రం, ఇప్పుడు కాదు, ముందు వేరే బిల్లులు పోనీ అన్నాడని కింగ్ చెప్పాడు. రెండూ నిజమే అయ్యుంటాయి. పాలకుడి సొరుగులో ముసాయిదా ఉంటుంది, నోట్లో 'ఇప్పుడు కాదు' ఉంటుంది. సొరుగు తెరిపించేది ఎవరనేదే అసలు ప్రశ్న.

ఎవరు తెరిపించారో చూడండి. 1965 ఫిబ్రవరి 18న సెల్మా పక్కన మేరియన్‌లో జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ళ కుర్రాడిని పోలీసు కాల్చాడు. 26న చనిపోయాడు. మార్చి 7న 600 మంది దాకా ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీదికి నడిచారు (ఆ పెట్టస్ బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన సేనాని, వంతెనలకు ఎవరి పేర్లు పెడతారో అక్కడా ఇక్కడా ఒకటే). పోలీసులు గుర్రాలతో, లాఠీలతో, బాష్పవాయువుతో మీదపడ్డారు. బాయింటన్ స్పృహ తప్పి పడిపోయింది. ఆ రాత్రి దేశమంతా టీవీలో చూసింది. మార్చి 15న జాన్సన్ పార్లమెంటు ముందు నిలబడి, ఉద్యమం పాడుకునే పాటలో మాటనే తన మాటగా పలికాడు. ఆగస్టు 6న సంతకం పెట్టాడు.

ఆ ప్రసంగంలో ఒక సంగతి మాకు ముల్లులా గుచ్చుకుంది. సెల్మాకి మద్దతుగా వచ్చి తెల్లవాళ్ళ చేతుల్లోనే దెబ్బలు తిని చనిపోయిన జేమ్స్ రీబ్ అనే తెల్ల పాస్టరుని జాన్సన్ దేవుని మనిషి అని తలుచుకున్నాడు. తలుచుకోవాల్సిందే, ఆయన త్యాగం తక్కువది కాదు. కానీ అంతకు ముందే చనిపోయిన జిమ్మీ లీ జాక్సన్ ఊసే రాలేదు. ఎవరి చావు చావు, ఎవరి చావు లెక్క అనేది మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చట్టం పనిచేసిందా అంటే చేసింది. మిసిసిపీలో ఓటరుగా నమోదైన నల్లవాళ్ళు అంతకు ముందు నూటికి 7 మంది కూడా లేరు, 1967 నాటికి 60 దగ్గరికి వచ్చారు. అదే చట్టంలో కీలకమైన ముక్కని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది కూడా అలబామాలోని షెల్బీ కౌంటీయే!

ఇంతకీ ఈ టేపులు ఎక్కడివి? కెనడీ 1962లో తన ఆఫీసులో రహస్యంగా మైకులు పెట్టించాడు. 1963 నవంబర్ 22న ఆయన్ని చంపాక గద్దెనెక్కిన జాన్సన్ ఫోను మాటలు రికార్డు చేయించాడు. ఫోను టేపులే 600 గంటల పైన ఉన్నాయి. అవతలివాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలవదు. మేం చచ్చినా నమ్మని ఇంకో సంగతి: ఆ రోజుల్లో అధ్యక్షుడి కాగితాలు ప్రభుత్వానివి కావు, ఆయన సొంత ఆస్తి! దిగిపోయేటప్పుడు మూటగట్టుకు పోవచ్చు. 1978లో చట్టం చేసి, 1981 నుంచి వచ్చే అధ్యక్షుల కాగితాలు జనానివి అన్నారు. జాన్సన్ కాగితాలు టెక్సాస్‌లో ఆస్టిన్ ఊళ్ళో 1971లో తెరిచిన ఆయన పేరింటి గ్రంథాలయంలో ఉన్నాయి, 4.5 కోట్ల పేజీలు. టేపుల్ని మాత్రం తను చచ్చాక 50 ఏళ్ళు తెరవొద్దన్నాడు. 1973లో చనిపోయాడు. అంటే 2023 దాకా. అయితే కెనడీ హత్య కాగితాలు బయటపెట్టాలని 1992లో చట్టం వచ్చింది, ఆ ఊపులో గ్రంథాలయం వాళ్ళు 1993 నుంచి టేపులు తెరవడం మొదలుపెట్టారు. తెరిచాక ఒకే నోట రెండు భాషలు వినపడ్డాయి. కింగ్‌తో ఒక తీరు, దక్షిణాది తెల్ల సెనేటర్లతో ఇంకో తీరు. నల్లవాళ్ళ గురించి అక్కడ వాడిన మాటలు ఈ పత్రికలో అచ్చువేయం.

ఆ టేపుల్లో మేం పదే పదే తలుచుకునేది 1964 ఆగస్టు. దానికి కారణం ఒక కూలి మనిషి. పేరు ఫానీ లూ హేమర్. 20 మంది పిల్లల్లో ఆఖరిది. మిసిసిపీలో సన్‌ఫ్లవర్ కౌంటీ, రూల్‌విల్ ఊరు. దొర పత్తిచేలో పంట వాటాకి పనిచేసేది, కూలీల లెక్క కూడా రాసేది. 1962 ఆగస్టు 31న ఇంకో 17 మందితో బస్సెక్కి ఓటు నమోదుకి పోయింది. రాజ్యాంగంలో ఒక ముక్క ఇచ్చి అర్థం చెప్పమన్నారు, చెప్పలేదని తిప్పి పంపారు. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు బస్సు ఆపి జరిమానా వేశారు. నేరం ఏంటి? బస్సు రంగు బాగాలేదంట! ఇంటికొచ్చేసరికి దొర రెడీగా ఉన్నాడు: అర్జీ వెనక్కి తీసుకో, లేదా చేను వదిలిపో. 18 ఏళ్ళు చాకిరీ చేసిన చేను అదే రాత్రి వదిలింది. 1963 జూన్‌లో వినోనా జైల్లో ఆమెని ఖైదీల చేతే కొట్టించారు. కొట్టినవాళ్ళూ నల్లవాళ్ళే, కొట్టమన్నది తెల్ల పోలీసులు.

1964లో మిసిసిపీ డెమొక్రటిక్ పార్టీ నల్లవాళ్ళని గడప తొక్కనివ్వలేదు. అందుకని వీళ్ళు సొంతంగా ఫ్రీడం డెమొక్రటిక్ పార్టీ పెట్టుకుని, 68 మంది ప్రతినిధుల్ని ఎన్నుకుని అట్లాంటిక్ సిటీ మహాసభకి పోయారు. అసలు ప్రతినిధులం మేమే అన్నారు. ఆగస్టు 22న హేమర్ కమిటీ ముందు కూర్చుంది, ఎదురుగా టీవీ కెమెరాలు. ముందు తన వీధి, ఊరు, కౌంటీ చెప్పింది. ఆ కౌంటీ సెనేటర్ ఈస్ట్‌లాండ్ గారి సొంత ఊరని కూడా చెప్పింది. దొర పేరు రికార్డులో పడాలి గదా! తర్వాత బస్సు, చేను, జైలు. ఆమె ఇంకా చెప్తుండగానే జాన్సన్ హడావిడిగా వైట్‌హౌస్‌లో విలేకరుల ముందుకొచ్చాడు. పెద్ద వార్తేదో ఉందని కెమెరాలు అటు మళ్ళాయి. చెప్పింది ఏమీ లేదు. కానీ పాచిక పారలేదు. ఆ రాత్రి టీవీలవాళ్ళు ఆమె సాక్ష్యాన్ని మళ్ళీ వేశారు.

ఇప్పుడు టేపు వినండి. ఆగస్టు 25న జాన్సన్ తన మనుషులతో ఫోన్లో అంటున్నాడు - నేను పోటీ నుంచి తప్పుకుంటా అని. ప్రకటన కూడా రాసుకున్నాడు. ప్రపంచంలోకెల్లా బలమైన కుర్చీలో కూర్చున్నవాడు, ఒక పత్తిచేను కూలి నిజం చెప్పినందుకు, కుర్చీ దిగిపోతానంటున్నాడు. ఈ ఒక్క టేపు కోసమైనా ఆ గ్రంథాలయానికి దణ్ణం పెట్టొచ్చు. చివరికి రెండు సీట్లిస్తాం, ఆ రెండు ఎవరివో కూడా మేమే చెప్తాం అన్నారు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని వీళ్ళు తిరగ్గొట్టారు. ఇక్కడ మా అభిప్రాయం దాచుకోం. పెద్ద నాయకులు చాలామంది తీసుకోమని సలహా ఇచ్చారు, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. తిరగ్గొట్టడమే సరైందని మేం అనుకుంటున్నాం. మన ప్రతినిధిని అవతలివాడు ఎంచితే అది సీటు కాదు, ముష్టి.

ఆ మహాసభలో ఇంకో రికార్డు కూడా తయారవుతా ఉంది. ఎఫ్‌బీఐ వాళ్ళు అట్లాంటిక్ సిటీలో దిగి, కింగ్ ఫోన్లూ విద్యార్థి సంఘం ఫోన్లూ విని, అక్కడి ముచ్చట్లు ఎప్పటికప్పుడు వైట్‌హౌస్‌కి చేరవేశారు. 1970ల నడుమ సెనేట్ విచారణలో అది బయటపడింది. కింగ్ ఫోను వినడానికి 1963 అక్టోబరులో సంతకం పెట్టింది రాబర్ట్ కెనడీ, నల్లవాళ్ళ ఇళ్ళల్లో ఫొటో పెట్టుకుని పూజించిన కెనడీల్లో ఒకడు. 1964 నవంబరులో కింగ్‌కి ఒక ఆకాశరామన్న ఉత్తరం పోయింది, చచ్చిపో అన్నట్టు. పంపింది ఎఫ్‌బీఐ. గీతలు కొట్టని పూర్తి కాపీ 2014లోగానీ అచ్చుకాలేదు. కింగ్ మీద చేసిన ఆ రహస్య టేపుల్ని 2027 దాకా మూసిపెట్టమని 1977లో కోర్టు ఆర్డరిచ్చింది. 2025 జులైలో కింగ్ హత్య కాగితాలు 2,30,000 పేజీల పైన బయటపెట్టారు. అన్ని కాగితాలూ ఒకటి కాదని ఆయన బిడ్డలు గుర్తుచేయాల్సి వచ్చింది. గూఢచారి రాసింది సాక్ష్యం కాదు, రాసినవాడి మీద సాక్ష్యం.

ఇంకోటి కూడా చెప్పి ఊరుకుంటాం. 1967లో పట్నాలు తగలబడ్డాక జాన్సన్ కెర్నర్ కమిషన్ వేశాడు. కమిషన్ దగ్గర పనిచేసిన సామాజిక శాస్త్రవేత్తలు ఒక ముసాయిదా రాశారు. జాతి వివక్ష పంట ఇది, కోపంలో న్యాయం ఉంది అన్న తీరులో. దాని మీద 'నాశనం చేయండి' అని ముద్ర వేశారు. నాశనం కాలేదు, ఒక కాపీ జాన్సన్ గ్రంథాలయం పెట్టెల్లోనే బతికింది. 2018లో పుస్తకంగా వచ్చింది. కమిషన్ అసలు నివేదిక 1968లో వచ్చింది. అది కూడా గట్టిదే, దేశం నల్లదీ తెల్లదీ రెండుగా చీలుతోందని చెప్పింది. జాన్సన్ దాన్ని పట్టించుకోలేదు.

ఈ కాగితాల్లో మన ముద్ద కూడా ఉంది. 1965, 66ల్లో వానల్లేక పంటలు పోయాయి. 1966లో దేశం కోటి టన్నుల దాకా ధాన్యం బయట నుంచి తెచ్చుకుంది. ఎక్కువ భాగం పీఎల్ 480 కింద అమెరికా గోధుమలే. జాన్సన్ ఏడాదికి సరిపడా ఒప్పందం చేయకుండా నెల నెలా బిగించి వదిలాడు. ఏ ఓడ ఎప్పుడు కదలాలో తనే చూశాడు. వ్యవసాయం మీద ఖర్చు పెట్టించడానికని ఒక మాట, వియత్నాం మీద మనవాళ్ళు నోరు తెరిచారనే కోపం ఇంకోటి. అమెరికా విదేశాంగ శాఖ 2000లో అచ్చువేసిన దక్షిణాసియా సంపుటంలో ఆ నోట్లన్నీ ఉన్నాయి. బేరం అంతా ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ మధ్య. తిన్నవాళ్ళ మాట ఒక్క పేజీలో లేదు.

ఆ గోధుమల కోసం రేషన్ షాపు దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళు మన పేటల్లో, వాడల్లో ఇంకా ఉన్నారు. బడిలో పాలపొడి, గోధుమరవ్వ ఉప్మా తిన్నామని చెప్తారు, వయ్యారిభామ మొక్క కూడా ఆ మూటల్లోనే వచ్చిందంటారు. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరిని వరసలో వెనక్కి నెట్టారు, వండుకోవడం రాక ఏం చేశారు - అడిగి, తేదీ వేసి, ఊరి పేరూ షాపు నడిపినవాడి పేరూ రాసి ఉంచండి. మాకు ఒక కాపీ పంపండి. 1966లో పదేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు డెబ్భై.